తాత కొట్టు బిళ్ళ

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు మంచి ఊపు మీదున్న రోజుల్లో నేను సింగపూర్‌లో, బుకిట్ బటోక్‌లో ఒక ఆంటీ ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్నాను. ఆమె తాత ఎప్పుడో విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చి, రబ్బరు తోటల దగ్గర కొట్టు పెట్టాడట. చిల్లరకి కటకటగా ఉన్న కాలం. సరుకు కొన్నవాళ్ళకి చిల్లర బదులు తన పేరు కొట్టించిన ఇత్తడి బిళ్ళ ఇచ్చేవాడు. దాన్ని మళ్ళీ తెచ్చిస్తే ఉప్పో పప్పో కొలిచేవాడు. ఆ బిళ్ళల్లో ఒక్కటే మిగిలింది. ఆంటీ దాన్ని లక్ష్మీదేవి పటం ముందు పెట్టుకుంది. దేవుడి దగ్గరిది కదా అని నేనెప్పుడూ ముట్టుకోలేదు.

ఒకసారి ఇక్కడి తెలుగువాళ్ళు పాత కుటుంబాల వస్తువులతో ప్రదర్శన పెడుతున్నారని తెలిసింది. ఆంటీకి ఎక్కడలేని హుషారు వచ్చింది.

"మా తాతని అందరూ తోట కూలీ అనే అనుకుంటారమ్మా. కడై నడిపాడు లా, సొంత కొట్టు. పేరు బిళ్ళ మీదే ఉంది, చూస్తారు" అంది, తమిళమూ ఇక్కడివాళ్ళ 'లా'లూ కలిసిన తన తెలుగులో. పట్టుచీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని లిటిల్ ఇండియాలోని హాలుకి బయల్దేరింది.

వస్తువులు తీసుకుంటున్నాయన నాలాగే కంప్యూటర్ల మనిషి. బిళ్ళని తిప్పి తిప్పి లైటు కింద చూశాడు.

"దీనిమీద ఏమీ లేదు ఆంటీ."

"ఉంది బాబూ. తెలుగులో తాత పేరు."

"ఎక్కడండీ?"

ఆంటీ బిళ్ళను నా చేతిలో పెట్టింది. ఆమె తమిళ బడిలో చదువుకుంది, తెలుగు మాట్లాడ్డమే గానీ అక్షరం రాదు. నేను చూశాను. రెండు వైపులా నున్నగా ఉంది. ప్రతి శుక్రవారం ఆంటీ దీపపు కుందులతో పాటు దాన్నీ చింతపండుతో తోమేది. వాళ్ళమ్మా అలాగే తోమేదట, లక్ష్మి నల్లబడకూడదని. అక్షరాలు రావు గనక అవి ఎప్పుడు అరిగిపోయాయో ఆంటీకి తెలియనే లేదు.

"సారీ ఆంటీ, పేరు లేకుండా ఎలా పెడతాం?" అన్నాడాయన.

నాకు ఒళ్ళు మండింది. ఓ మూల పెడితే ఆయన సొమ్మేం పోయింది? కానీ ఏమని పోట్లాడను? చూపించడానికి అక్కడ ఏదైనా ఉంటే కదా.

ట్రైన్‌లో ఆంటీ బిళ్ళను బొటనవేలితో రుద్దబోయి ఆగిపోయింది. ఆ ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

ఆ శుక్రవారం కుందులు ఎప్పటిలాగే తోమింది. బిళ్ళను మాత్రం ఉత్త నీళ్ళలో ముంచి, తుడవకుండా తువ్వాలు మీద ఆరబెట్టింది.

"తాత పేరు మేమే తోమేశామమ్మా, మా అమ్మా నేనూ" అంది.