ఎడమ చెంప మీద ఆకు

తప్పిపోయిన తోబుట్టువును మీరు ఎన్నాళ్లు వెతుకుతారు? నెలా? ఏడాదా? ఆ తర్వాత దైవేచ్ఛ అని చేతులు దులుపుకోరా? నేనైతే దులుపుకొనేవాణ్ణే. డెబ్బై ఏళ్లు వెతికిన మా పక్కింటి పెద్దమ్మ మొన్న మంగళవారం తెల్లవారుతుండగా చిక్కడపల్లిలో కన్నుమూసింది.

రెండో ప్రపంచ యుద్ధంలో రంగూను మీద బాంబులు పడుతుంటే, అక్కడ కూలికి వెళ్లిన మన తెలుగువాళ్లు అడవుల గుండా నడిచి ఇంటిదారి పట్టారు. అప్పుడు ఆమెకు పదేళ్లు, చెల్లెలికి ఆరు. వాళ్లమ్మ రోజూ పొద్దున్నే బర్మా ఆడవాళ్లలాగా బెరడు అరగదీసి, ఇద్దరి ఎడమ చెంప మీదా ఆ ముద్దతో ఆకు బొమ్మ వేసి, దువ్వెనతో ఈనెలు గీసేదట. గుంపులో విడిపోతే ఆకు చూసి పట్టుకోండి అనేదట. ఒక రేవులో, పడవ ఎక్కే తొక్కిసలాటలో, చెల్లెలి చెయ్యి జారిపోయింది. తల్లి దారిలోనే జ్వరంతో పోయింది.

పెళ్లయి ఈ ఊరు వచ్చాక పెద్దమ్మ పుట్టింటి ఇంటిపేరు పట్టుకుని ఊరూరికీ ఉత్తరాలు రాసింది. పెళ్లయితే చెల్లెలి ఇంటిపేరూ మారుతుందని ఇరవై ఏళ్లకు గానీ తట్టలేదట. “నాదే మారిపోయింది, దానిది మారదనుకున్నాను చూడు!” అని నవ్వేది. ఉత్తరాలు మానేసి, గంధం అరగదీసి, చెంప మీద ఆకు వేసుకుని బజారుకు రావడం మొదలుపెట్టింది.

“అమ్మా, జర మొఖం కడుక్కోని రారాదు?” అనేది నారాయణగూడలో కూరగాయలమ్మే ఆమె.

“కడుక్కునే వచ్చానే. ఆపైన చిరునామా రాసుకున్నాను.”

నేను బడి ముఖం సరిగా చూడనివాణ్ణి. సిటీ బస్సులో టికెట్లు కొడుతూ పురాణ గ్రంథం చదువుకుని, సాయంత్రాలు గుడి మండపంలో ప్రవచనం చెప్పేవాణ్ణి. ఒకనాడు ఆవేశంలో ఆమెనే చూస్తూ, “దొరకనిదాన్ని వెతుకుడు భక్తి కాదు, మోహం! ఇడ్సిపెట్టుండ్రి!” అని గర్జించాను. జనమంతా ఆమె చెంప వంక చూశారు.

ప్రసాదం అందుకుంటూ ఆమె మెల్లగా అంది: “చంకలో పుస్తకం పెట్టుకుని అర్థం కోసం ఊరంతా తిరుగుతున్నావు, నాయనా. అందులో వెతకడం మానేసి గెలిచినవాడు ఒక్కడున్నాడా?”

ఆ రాత్రంతా పుటలు తిప్పాను. లేడు. మర్నాటి నుంచి ఆమె సంచి మోయడం నా పని అయింది.

బంద్‌లతో పరీక్షలు వాయిదా పడుతున్న రోజుల్లో, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల గల్లీలో ఒక కాకినాడ అమ్మాయి మాకు అడ్డం నిలబడింది.

“బామ్మగారూ, ఈ ఆకు ఎవరు నేర్పారండీ? పరీక్షకి బయల్దేరితే మా అమ్మమ్మ మాకూ ఇదే వేస్తుందండీ. తప్పిపోకుండా ఉంటారంటుంది.”

ఆ పిల్ల అక్కడే అమ్మమ్మకి ఫోన్ కలిపింది. పెద్దమ్మ ఫోన్ లాక్కుని అడిగింది ఒక్కటే: “ఆకుకి ఈనెలెన్నే?”

“నాలుగు. మధ్యలో ఖాళీ. అమ్మ దువ్వెనకి పన్ను విరిగింది కదే... అక్కా?”

సంచి నా చేతిలోంచి జారి టమాటాలు రోడ్డంతా దొర్లాయి. ఏరుకోవాలని ఇద్దరికీ తోచలేదు.

ఆనాడు రేవులో ఎవరో తెలుగువాళ్లు చేరదీసి, కాకినాడ తెచ్చి పెంచారట. చెల్లెలు చిక్కడపల్లి వచ్చేసింది. ఏడాదికి పైగా ఇద్దరూ రోజూ పోట్లాడుకున్నారు. సర్దిచెప్పబోతే పెద్దమ్మ కసిరేది: “డెబ్బై ఏళ్ల పోట్లాటలు మిగిలిపోయాయి. నువ్వు అడ్డం రాకు!”

మంగళవారం పాడె ఎత్తబోతుంటే చెల్లెలు ఆపింది. గంధం అరగదీసింది. కొత్త దువ్వెన తెప్పించి, నడిమి పన్ను విరిచి, అక్క చెంప మీద ఆకు వేసి ఈనెలు గీసింది. “ఇక ఎక్కడున్నా పట్టుకుంటాను” అంది.

అయ్యలారా, అమ్మలారా! మీ గల్లీలోనూ ఎవరి కోసమో చూస్తున్న ముసలమ్మ ఉంటుంది. రేపు కాదు, పండగ వెళ్లాక కాదు. ఈ కాగితం పక్కన పెట్టి చెప్పులు తొడుక్కోండి. తలుపు తట్టి అడగండి: “అమ్మా, ఎవరు తప్పిపోయారు? గుర్తేమిటి?” ఇవాళే వెళ్లండి. ఆమె ఎదురుచూస్తోంది!