సగ్గుబియ్యం నల్లబడిన రోజు

పిల్లలూ, కంటి ఆపరేషన్ ఆరు నెలలు ఎందుకు ఆగిందని మొన్న ఫోన్లో అడిగారు. నా చిన్నకోడలు, అదే మీ చిన్నమ్మ, పక్కనే ఉందని మాట మార్చాను. ఇవాళ పాఠాలు చెప్పడానికి బడికి పోయింది, చెబుతాను వినండి.

ఆడవాళ్లకు బస్సు ఊరికే అయిందని అందరూ ఊళ్లు తిరుగుతున్నారు. నాకు మాత్రం బోర్డు కనిపించదు. హనుమకొండలో పెళ్లి చూసుకుని, మానుకోటలో ఉన్న నా చెల్లెలి ఇంటికి పోదామని ఒక్కదాన్నే బస్సెక్కాను. లోపల కాలు పెట్టే సందు లేదు. కండక్టర్ నా దాకా వచ్చేసరికి గంట దాటింది.

"ఏడికి అవ్వా?"

"మానుకోట నాయినా."

"మానుకోటనా? గిది భూపాలపల్లి బస్సు. పరకాల గూడ దాటినం."

"మరి ముందుగాల చెప్పొద్దా?"

"గంత పెద్ద బోర్డున్నది గదనే!"

భూపాలపల్లిలో నాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. బస్టాండు చూసి, అదే బస్సులో తిరిగొచ్చాను. తోడు రావడానికి ఎవరికి సెలవు దొరుకుతుందా అని ఎదురుచూడకుండా, నా అంతట నేను బోర్డు చదివి చెల్లెలింటికి పోవాలని ఆ రోజే పట్టు పట్టాను.

జనగామలో కంటి డాక్టరు రెండు కళ్లలోనూ శుక్లం ఉందన్నాడు. తీసేస్తానన్నాడు, కానీ ముందు షుగర్ తగ్గాలన్నాడు. మూడు నెలల గడువు ఇచ్చాడు.

చెల్లెలికి కూడా షుగరే. నాకంటే రెండేళ్ల ముందు వచ్చింది కాబట్టి ఆ విషయంలో అది నాకు పెద్ద. ఫోన్ చేయగానే మందు చెప్పింది.

"వారానికి మూడు ఒక్కపొద్దులుండు అక్కా. సోమారం శివునికి, బేస్తారం బాబాకు, శనివారం ఎంకన్నకు. పుణ్యానికి పుణ్యం, షుగరుకు షుగరు."

ఉపవాసమని ఆ మూడు రోజులూ అన్నం ముట్టలేదు. పొద్దున సగ్గుబియ్యం జావ, మధ్యాహ్నం మీరు చిలగడదుంప అనే ఉడికిన కందగడ్డ, సాయంత్రం ఆలుగడ్డ. జావలో ఉప్పే తప్ప చక్కెర గింజ వేయలేదు. ఆకలైతే ఇంకో గ్లాసు తాగాను. దేవుడి మీద భక్తి కదా, కడుపు నిండానే ఉన్నాను.

పరీక్షకు రెండు రోజుల ముందు మాత్రం మజ్జిగ మీదే ఉన్నాను. పరగడుపు లెక్క బాగా వచ్చింది. డాక్టరు తల ఊపాడు. తర్వాత ఇంకో కాగితం తిప్పాడు. ఊపడం ఆపేశాడు.

"అమ్మా, ఇది మూడు నెలల లెక్క. ఇది అబద్ధం చెప్పదు. ఇంకా పెరిగింది. ఆపరేషన్ ఇప్పుడు కాదు."

ఇంటికొచ్చాక మీ చిన్నమ్మ బెల్లం డబ్బా మూత తీసి చూసి మళ్లీ పెట్టింది. ఆ చూపుకు నాకు ఏడుపొచ్చింది. అరవై ఎనిమిదేళ్ల వయసులో బెల్లం దొంగనయ్యాను!

సంగతి తెలిసి చెల్లెలు తొర్రూరు మీదుగా రెండు బస్సులు మారి వచ్చింది. వస్తూనే నా కోడలి మీద పడింది.

"నా అక్క చక్కెర మొఖం సూడలే. ఒక్కపొద్దులున్నది."

"ఒక్కపొద్దుల ఏం తిన్నరు అత్తమ్మా?"

చెప్పాను. మీ చిన్నమ్మ బడిలో సైన్సు చెబుతుంది కదా, నుదురు కొట్టుకుంది. మర్నాడు బడి నుంచి చిన్న సీసాలో అయోడిన్ తెచ్చింది. నా సగ్గుబియ్యం జావలో ఒక చుక్క వేసింది. తెల్లటి జావ నల్లగా, నేరేడుపండు రంగులోకి తిరిగింది. కందగడ్డ ముక్కా నల్లబడింది. ఆలుగడ్డా అంతే. అన్నమూ అంతే. కోడిగుడ్డు తెల్లసొన మాత్రం మారలేదు.

చెల్లెలు చేతులు కట్టుకుని చూసింది. "చక్కెర మీద ఎయ్యి."

వేసింది. రంగు మారలేదు.

"సూసినవా! చక్కెర మంచిదే. నీ మందే మంచిగ లేదు."

"గది చక్కెరను పట్టే మందు గాదు చిన్నత్తమ్మా, పిండిని పట్టేది. పిండంటే చక్కెర పూసల దండ. వందలకు వందల పూసలు గుచ్చి ఉంటయ్. గందుకే నాలుక మీద తియ్యగుండది. కడుపుల దారం తెగుతది, పూసలన్నీ విడిపోయి రక్తంలకొస్తయ్."

"ఎవలు తెంపుతరు?"

"ఎంజైములు. అవి ప్రోటీన్లు. నోట్లెనే మొదలు పెడ్తయ్. గీ అన్నం ముద్ద మింగకుండ రెండు నిమిషాలు నమలుండ్రి."

నా చెల్లెలు రెండు నిమిషాలు మాట్లాడకుండా ఉండటం పుట్టి బుద్ధెరిగాక అదే చూశాను. నమిలింది, నమిలింది. కళ్లు పెద్దవయ్యాయి.

"అక్కా... తియ్యగైతాంది."

ఉప్పు కూడా వేయని చద్దన్నం. నేనూ నమిలాను. నిజమే, పిల్లలూ.

చెల్లెలు ఓడిపోవడానికి ఒప్పుకోదు. "గట్లయితే గడ్డిల గూడ ఉంటయా పూసలు?"

"గవే పూసలు. గుచ్చిన తీరు వేరు. మన ఎంజైములు తెంపలేవు. బర్రె కడుపుల సన్నని క్రిములుంటయ్, అవి తెంపుతయ్."

"మరి బర్రెకు షుగరెందుకు రాదు?"

మీ చిన్నమ్మ సీసా మూత బిగించింది. "అది పొద్దంత నడుస్తది చిన్నత్తమ్మా."

మూడు నెలల లెక్క గుట్టు కూడా అప్పుడే చెప్పించుకున్నాను. రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్ కూడా ప్రోటీనేనట. చక్కెర ఎక్కువైతే పోయి దానికి అతుక్కుంటుందట. ఆ రక్తకణం బతికినన్నాళ్లూ వదలదట. నా రెండు రోజుల మజ్జిగను చూసి అది నవ్వుకునే ఉంటుంది.

ఆ తర్వాత మూడు నెలలు ఒక్కపొద్దులు మానలేదు, తిండి మార్చాను. పెసర్లు నానబెట్టుకున్నాను, దోసకాయ కోసుకున్నాను. అన్నం మామూలు రోజుల్లో గరిటెడే. పొద్దుగూకేముందు మేడ మీద నడిచాను. కందగడ్డ బండి వీధిలోకి వస్తే లోపలికి పోయి కూర్చున్నాను. చెల్లెలు కూడా మానుకోటలో అదే తిండి తింటున్నానంది. సగమే నమ్మాను.

మళ్లీ దవాఖానకు ముగ్గురం పోయాం. డాక్టరు కాగితాలన్నీ తిప్పాడు. చివరికి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"బాగా తగ్గిందమ్మా. వచ్చే మంగళవారం ఖాళీ ఉంది. చేసేద్దామా?"

మన ఇంట్లో మంగళవారం గోరు కూడా తీసుకోరు కదా. మీ చిన్నమ్మ నా వైపు చూసింది. చెల్లెలు నా మోచేయి గిల్లింది.

"అక్కా, మంగళారమే గాదు, ఆ పొద్దు అమాస."

"ఉండనియ్యి," అన్నాను. "సారు దగ్గర పెద్ద లైటున్నది. రాసుకో సారూ."