విద్యుత్ కేంద్రం శ్రుతి దించిన సాయంత్రం

2004లో నేను పాల్వంచ దగ్గరి ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో, ఆపరేషన్ విభాగంలో అడిషనల్ డివిజనల్ ఇంజనీరుగా ఉన్నాను. వాడుకలో షిఫ్టు ఇన్‌ఛార్జి అనేవారు. షిఫ్టు నడిచినంతసేపూ బాయిలరు, టర్బైను, వాటి దగ్గర పనిచేసే మనుషులు, అందరి బాధ్యతా అతనిదే. ఆ వేసవి మొదట్లో చీఫ్ ఇంజనీరు గారు నన్ను పిలిపించి, షిఫ్టు నుంచి తప్పించి, వేరే డ్యూటీ వేశారు. కాలనీ క్లబ్బు వార్షికోత్సవానికి ఒక ప్రసిద్ధ గాయకుడు వస్తున్నారు. ఆయనను రైల్వే స్టేషన్ నుంచి తీసుకురావాలి, పాడించాలి, తిరిగి రైలెక్కించాలి. డివిజనల్ ఇంజనీరు పదోన్నతికి చీఫ్ గారు నా పేరు సిఫారసు చేయవలసిన సంవత్సరం అది. అందుకని ఈ డ్యూటీని నేను బాయిలరు కంటే జాగ్రత్తగా చూసుకోదలిచాను.

గాయకుడి పేరు ఇక్కడ రాయను. నేను ఆయన వీరాభిమానిని. ఓర్పు గొప్పతనం గురించి ఆయన పాడిన పాట ఒకటి వింటే తప్ప, రాత్రి షిఫ్టు చేసి వచ్చిన పొద్దు నాకు నిద్ర పట్టేది కాదు. నా భార్య సుగుణ మిషన్ బడిలో టీచరు. ఆమెకు ఆయన అంటే గిట్టదు. సొంత తమ్ముడికి ఎక్కువ చప్పట్లు పడ్డాయని, జరుగుతున్న కచేరీలోంచే అతణ్ణి దింపేశారని ఏదో పత్రికలో చదివింది.

“తమ్మునికి చప్పట్లు కొడితే ఓర్వలేనోడు ఓర్పు మీద పాడుడేందండీ?” అనేది.

పాట వేరు, మనిషి వేరు అని నేననేవాణ్ణి. మా ఇంట్లో టేప్‌రికార్డరు మోగినప్పుడల్లా ఈ వాదన కూడా మోగేది.

అనుకున్న రోజు పొద్దున కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్‌లో గాయకుడు గారు దిగారు. ఆయన వెంట తబలా వాయించే యాకూబ్ సాబ్ ఉన్నారు. అరవై దాటిన పెద్దమనిషి. కారులో కావలసినంత చోటుంది. కానీ తబలాలు పక్కన ఉంటే తన గొంతు మీద బరువు పడుతుందని గాయకుడు గారు సెలవిచ్చారు. యాకూబ్ సాబ్ ఏమాత్రం ఆశ్చర్యపోకుండా “బస్టాండు ఎటు సార్?” అని నన్నడిగారు. గొప్పవాళ్లకు ఇలాంటివి ఉంటాయని నాకు నేను చెప్పుకున్నాను.

కారు కదిలాక ఆయన, గేరు మార్చిన చప్పుడుకు మనసులోని రాగం తెగిపోతోందన్నారు. డ్రైవరు నా ముఖం చూశాడు. కానివ్వమని సైగ చేశాను. కొత్తగూడెం నుంచి పాల్వంచ దాకా సెకండ్ గేరులోనే వచ్చాం. దారిలో ఒక బస్సు మమ్మల్ని దాటిపోయింది. కిటికీలోంచి యాకూబ్ సాబ్ చెయ్యి ఊపారు.

గెస్ట్‌హౌస్‌లో కాకి గొడవ వచ్చింది. మామిడి కొమ్మ మీది కాకి అపస్వరం పలుకుతోందని, దాన్ని పంపించెయ్యమని ఆజ్ఞ. వాచ్‌మన్ లచ్చయ్య చేతులు కట్టుకుని విన్నాడు.

“ఏడికి పంపాలె సారూ? అది ఈడనే పుట్టింది” అన్నాడు.

చివరికి కాకి ఉండిపోయింది. గాయకుడు గారే గది మారారు.

సాయంత్రం క్లబ్బు మైదానం నిండిపోయింది. కాలనీ వాళ్లే కాక దమ్మపేట, వేంసూరు వైపు రైతులు ట్రాక్టర్ల మీద కుటుంబాలతో దిగారు. ముందు వరుసలో చీఫ్ గారు, ఆయన భార్య. సుగుణ నాలుగో వరుసలో, పరీక్ష పేపర్లు దిద్దే ముఖం పెట్టుకుని కూర్చుంది. గాయకుడు గారు వేదిక వెనక గదిలో తంబూరా సరిచూసుకుంటూ హఠాత్తుగా ఆపి చెవి రిక్కించారు.

“ఆ మోత ఏమిటి?”

అది మా కేంద్రం మోత. టర్బైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, పెద్ద పెద్ద ఫ్యాన్లు కలిసి చేసే ఒకటే గుయ్‌మనే శబ్దం. కాలనీలో పుట్టిన పిల్లలకు అది వినిపించదు. ఆగితేనే ఉలిక్కిపడి లేస్తారు. ఆయన మాత్రం అది తన షడ్జమం కంటే అరమెట్టు పైన ఉందని, దించితేనే పాడతానని తంబూరా పక్కన పెట్టేశారు.

నేను వీలైనంత వినయంగా వివరించాను. టర్బైను నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతుంది. దక్షిణాది విద్యుత్ కేంద్రాలన్నీ ఒకే గ్రిడ్డుకు కట్టుబడి కలిసి నడుస్తాయి. మా శ్రుతి అరమెట్టు దిగాలంటే నాలుగు రాష్ట్రాల్లో యంత్రాలన్నీ నెమ్మదించాలి. అంత దిగితే యూనిట్లు వాటంతటవే ఆగిపోయి ఊళ్లన్నీ చీకటైపోతాయి.

ఆయన శ్రద్ధగా విన్నారు. “అయితే అందరికీ ఒక ఫోను చేసి చెప్పండి. రెండు గంటలే కదా” అన్నారు.

బయట ఈలలు మొదలయ్యాయి. కుర్చీలు తట్టడం కూడా వినిపించింది. చీఫ్ గారు లోపలికి వచ్చి సంగతి విని, నన్ను పక్కకు తీసుకుపోయి, “ఏదన్నా చెయ్యవయ్యా ప్రభుదాసూ. గ్రిడ్డు జోలికి మాత్రం పోకు” అని వెళ్లిపోయారు.

నేను గాయకుడు గారి ఎదుటే ప్లాంటు ఫోను తీసి కంట్రోల్ రూముకు చేశాను. ఆ షిఫ్టులో ఉన్నది అసిస్టెంట్ ఇంజనీరు నాగేశ్వరరావు. సత్తుపల్లి పిల్లవాడు, మంచి పనిమంతుడు.

“నాగేశ్వరరావూ, వెంటనే శ్రుతి దించాలి” అన్నాను గంభీరంగా.

“ఎవలు సార్?”

“శ్రుతి. అరమెట్టు పైన ఉంది. దించండి.”

“శ్రుతి ఎవల పాప సార్? ఏ మెట్ల మీదికెక్కింది? బాయిలరు మీదికా?” అతని గొంతులో నిజంగానే కంగారు. “జల్దీ మనుషుల్ని పంపుత సార్!”

“పంపండి. మెల్లగా దించండి” అని పెట్టేశాను.

గాయకుడు గారు కళ్లు మూసుకుని కాసేపు విన్నారు. టర్బైను మూడు వేల చుట్లూ ఎప్పటిలాగే తిరుగుతోంది. “ఆఁ, ఇప్పుడు దారికొచ్చింది” అని తంబూరా అందుకున్నారు. సరిగ్గా అదే సమయానికి నలుగురు మనుషులు టార్చిలైట్లతో బాయిలరు మెట్లన్నీ ఎక్కి పాప కోసం వెతుకుతున్నారని నాకు తరవాత తెలిసింది. వాళ్లకు వారం పాటు టీలు తాగించాను.

ఇక పాట గురించి. అంత గొప్ప పాట నేను మళ్లీ వినలేదు. ఓర్పు పాట ఎత్తుకోగానే ట్రాక్టర్ల మీది పిల్లలు కూడా నోరు మెదపలేదు. నాలుగో వరుసలో సుగుణ కొంగుతో కళ్లొత్తుకుంటోంది. నాకు మాత్రం ఆయన రాగం సాగదీసినప్పుడల్లా సెకండ్ గేరులో మూలుగుతున్న కారు వినిపించింది. ఆఖర్న ఆయన, తన సంగీతానికి ఈ విద్యుత్ కేంద్రం సైతం తల వంచిందని మైకులో ప్రకటించారు. చప్పట్లు మారుమోగాయి. తబలా వాయించినవారి పేరు చెప్పడం మరిచారు.

ఇంటికి నడుస్తూ “ఆ మనిషికి ఓర్పు పాట పాడే అర్హత ఏముంది?” అన్నాను.

“మనిషితోని మనకేం పనండీ? పాట ఎంత మంచిగున్నది!” అంది సుగుణ. నాలుగడుగులు వేశాక ఇద్దరం ఆగి ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇన్నేళ్ల వాదనలో ఇద్దరం పక్షాలు మార్చుకున్నామని అప్పుడు అర్థమై, రోడ్డు మీదే నవ్వుకున్నాం.

మర్నాడు గెస్ట్‌హౌస్ వరండాలో తబలాలు మూటగట్టుకుంటున్న యాకూబ్ సాబ్‌ను, ఈయనతో ఎట్లా వేగుతున్నారని అడిగాను. ఆయన ఫిర్యాదు చేయలేదు, సమర్థించనూ లేదు.

“పాడేటప్పుడు పక్కన కూసుంట సార్. మిగిలిన టైముల బస్సుల పోత” అన్నారు.

కొన్నాళ్లకు గాయకుడు గారు, తన కోసం పాల్వంచలో టర్బైను వేగం తగ్గించారని ఒక పత్రికకు చెప్పారు. ఎవరి అనుమతితో తగ్గించారో వివరణ ఇవ్వమని హైదరాబాదు నుంచి నాకు మెమో వచ్చింది. యూనిట్ వేగంలో ఎలాంటి మార్పూ లేదనీ, మారింది గాయకుడు గారి అభిప్రాయం మాత్రమేననీ జవాబు రాసి, ఆ షిఫ్టు రీడింగులు జతచేశాను. పదోన్నతి ఆలస్యంగానైనా వచ్చింది. అయితే మెయింటెనెన్స్ విభాగానికి వేశారు. అక్కడ ఆగిన యంత్రాలతోనే పని.

నేను నేర్చుకున్నది ఇది. పాట బాగుందని మనిషికి మార్కులు వేయకూడదు. మనిషి బాగా లేడని పాటకు కోయకూడదు. ఈ రెండూ కూర్చుని వినేవాళ్లకు సులువే. కారు పంపి తీసుకొచ్చేవాళ్లకు కష్టం. తరవాతి వార్షికోత్సవాల్లో నేను భోజనాల కమిటీలో చేరాను.