గిటారాయన గోరు

అరవై ఎనిమిదిలో, శ్రావణమాసం మొదటి శుక్రవారం, పగలు మూడు గంటలకు నిజామాబాద్ నుంచి బోధన్ పోయే మా బస్సు బురదలో దిగబడింది.

"మొగోళ్లందరు దిగి నూకుండ్రి!" అని కండక్టర్ అరిచాడు.

నా పక్కన కూర్చున్నాయన కదల్లేదు. ఆయన ఒళ్లో గిటార్ పెట్టె ఉంది. కుడిచేతి గోర్లు పొడుగ్గా పెంచుకున్నాడు.

"ఈ గోర్లతోనే తీగలు మీటాలక్కా. ఆరింటికి బోధన్ల కచేరీ. ముగ్గురు ఫిడేలోళ్లు నా కోసం సూస్తుంటరు" అన్నాడు నాతో.

"ఏం సారూ, గోరింటాకు ఆరలేదా?" అన్నాడు కండక్టర్. బస్సంతా నవ్వింది. ఆయన పెట్టె నా ఒళ్లో పెట్టి దిగిపోయాడు.

బస్సు కదిలింది. ఆయన ఎక్కి వచ్చి చెయ్యి చూపించాడు. బొటనవేలి గోరు మొదలుదాకా విరిగి నెత్తురు కారుతోంది.

"నీ బదులు ఇంకెవరన్న వాయించరా?" అన్నాను.

"ఎవ్వరు లేరక్కా. గోరు పెరగాలంటే నెలలు గావాలె. కచేరీ ఇయ్యాల్నే."

ఆయన పెట్టె తీసుకోలేదు. బోధన్ దాకా నేనే పట్టుకున్నాను.

బస్టాండు గోడకు కచేరీ కాగితం అంటించి ఉంది. ఆయన ఒక పేరు మీద ఆ వేలే పెట్టి, "గిది నేనే" అన్నాడు. చదివినట్టే తల ఊపాను. కచేరీ అయిందో లేదో నాకు తెలియదు.

ఆ రోజు బస్సులో డ్రైవర్ రాజన్న, కండక్టర్ ఖాజా, వేల్పూర్ పసుపు రైతు గంగారెడ్డి, ఆయన భార్య లచ్చవ్వ, జక్రాన్‌పల్లి నర్సయ్య, నేను ఉన్నాం. గిటారాయనా ఉన్నాడు. ఆయన పేరు గోడ మీద నా కళ్ల ముందే ఉండింది. నాకప్పటికి అక్షరాలు రావు.