గోడలోంచి వేళ్ళు

ఇద్దరు ప్లంబర్లు చేతులెత్తేసిన వంటింటి తూమును పాత సైకిలు బ్రేకు తీగతో తెరవడం మా తమ్ముడి మొదటి విజయం. పొద్దుటినుంచి చీకటిపడేదాకా మోకాళ్ళ మీదే ఉన్నాడు. నీళ్ళు గడగడమని దిగినప్పుడు వాడి ముఖం చూడాలి. ఆనాటినుంచి వీధంతా వాడిని 'పానా' అనే పిలిచింది. కారే కుళాయిలు, కిర్రుమనే తలుపులు, మొరాయించే మోటార్లు, వాడి చెయ్యి పడ్డాక మళ్ళీ పేచీ పెట్టినవి లేవు. అన్నీ నేను దగ్గరుండి చూసినవే.

వీటన్నిటినీ మించింది స్నానాలగది గొట్టం. అది గోడలోంచి నేరుగా బయటి కాలువలోకి పోతుంది. అందులోంచి పందికొక్కులు ఇంట్లోకి దూరేవి. వాడు రేకును మొనదేలిన రెక్కలుగా కత్తిరించి, బయటికి వాలేట్టు గొట్టం చివర బిగించాడు. నీళ్ళు పోతాయి, పందికొక్కు రాదు. ఏళ్ళు గడిచినా ఒక్కటీ రాలేదు. ఆ రేకు సంగతి అందరం మరిచిపోయాం, చేసినవాడితో సహా.

మొన్న ఆదివారం ఉదయం స్నానాలగదిలో నీళ్ళు నిలిచిపోయాయి. తూములోకి చెయ్యి పోనిచ్చి తడుముతూ పనిచెయ్యడం వాడి పద్ధతి. నేను వరండాలో కూర్చున్నాను. పెరట్లో బట్టలు ఆరేస్తున్న మరదలు పాలిపోయిన ముఖంతో వచ్చింది.

"బావగారూ, గోడలోంచి వేళ్ళు వస్తున్నాయండీ."

వెళ్ళి చూశాను. గొట్టం చివర మా తమ్ముడి వేళ్ళు. మణికట్టు చుట్టూ దిగబడిన రేకు మొనలు. నెత్తురు కాలువలోకి కారుతోంది.

"చెయ్యి లాగకురా," అన్నాను స్నానాలగది కిటికీ దగ్గరికెళ్ళి.

"లాగితే మాత్రం వస్తుందా అన్నయ్యా? బిగించింది నేను కదా."

వేళ్ళు నల్లబడుతున్నాయి. ఇంతలో వాడి కూతురు రేకు కత్తెర తెచ్చి కాలువలోనే మోకాళ్ళ మీద కూర్చుంది.

"పెదనాన్నా, నాన్న వేళ్ళు గట్టిగా పట్టుకో. కదలనివ్వకు."

"ముందు పై రెక్క కొయ్యవే. మొన దగ్గర కాదు, మొదట్లో," అన్నాడు గోడ అవతలినుంచి.

"నేర్పింది నువ్వేగా, తెలుసులే. కాసేపు నోరు మూసుకో నాన్నా."

వాడి నోరు మూయించిన మనిషి మా వంశంలో అదొక్కతే. ఒక్కో రెక్కా తెగింది, చెయ్యి బయటపడింది. చూపుడువేలు మాత్రం ముడుచుకోలేదు. పానా తిప్పే వేలది. తెగిన నరాన్ని ఆస్పత్రిలో కుట్టారు. నిన్న ఆ వేలు కాస్త కదిలిందని మరదలు అక్కడినుంచి ఫోను చేసి చెప్పింది.

స్నానాలగదిలో నీళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి. ప్లంబరును పిలుద్దామంటే, తను వచ్చేదాకా ఆ తూమును ఎవరూ ముట్టుకోవద్దని కబురు పెట్టాడు. వాడు ఇంటికొచ్చేది ఈ నెల పద్దెనిమిదో తేదీన.