పడగ కాదు, మొగ్గ

తొంభైల మొదట్లో బహ్రెయిన్‌లో, సల్మాబాద్‌లోని ఒక ఇనుప పనుల వర్క్‌షాపులో డ్రాయింగులు గీసేవాణ్ణి. బుసైతీన్‌లో ఇల్లు కడుతున్న ఒకాయన ఓ ఫొటో తెచ్చి, తన గేటు అలా కావాలన్నాడు. వందేళ్ళ కిందటి యూరప్ ఇంటి తలుపు అది. ఇనుము తీగలా పాకి, మెలికలు తిరిగి, కొసల్లో మొగ్గ తొడిగింది. దేవుడూ లేడు, రాజుగారి ముద్రా లేదు. మొక్క ఒక్కటే. మనిషి గుమ్మానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ మెలికలను సుద్దముక్కతో నేల మీద అసలు కొలతకే గీశాను.

కొలిమి పని కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కమ్మరిది. తీగలన్నీ చక్కగా వంచాడు. చివరి మొగ్గ కోసం కడ్డీ కొసను ఎర్రగా కాల్చి, కొన్ని దెబ్బలు వేసి వెడల్పు చేశాడు. అంతే, సుత్తి కింద పెట్టేశాడు.

"ఇది పడగన్నా. నేను కొట్ట."

"పడగేంటయ్యా, మొగ్గ! గీసింది నేనే కదా!"

"నువ్వు మొగ్గనే గీసినవ్. అయ్యింది పాము. నా పెండ్లానికి నెలలు నిండినయ్. పాము నెత్తి మీద కొడితే పుట్టెటోళ్ళకు దోషం తాకుతది."

నాకు ఒళ్ళు మండింది. ఇనుముకు ప్రాణముంటుందా, బహ్రెయిన్‌లో వేసిన దెబ్బ కరీంనగర్‌లో కడుపులో బిడ్డకు ఎలా తగులుతుంది అని నిలదీశాను. మా ఊరి హేతువాద సభల్లో అరిచి అరిచి రాటుదేలిన గొంతు నాది. షెడ్డంతా పని ఆపి చూసింది.

"నీకేమన్నా, నీ పెండ్లాం కాదు గద," అన్నాడతను.

ఫోర్‌మన్ వచ్చాడు. సాయంత్రానికి గేటు బండెక్కకపోతే వీసా ఇచ్చిన కఫీల్‌తో చెప్పి కమ్మరిని ఇంటికి పంపిస్తానన్నాడు. అయినా అతను సుత్తి ముట్టలేదు.

"అయితే ఆ దోషమేదో నాకే తగలనీ!" అని సుత్తి నేనే అందుకున్నాను. అతను కొస కాల్చి, పట్టకారుతో పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకున్నాడు. నా దెబ్బలు తిన్నగా పడక మొగ్గ ఒక పక్క అణిగింది. గేటు మాత్రం వేళకు వెళ్ళింది.

ఆ తర్వాత నాకు స్థిమితం లేదు. దోషమంటే భయం కాదు. కాన్పులో ఆడమనిషి చచ్చిపోవడానికి పాము అక్కర్లేదు, ఆస్పత్రి దూరమైతే చాలు. అక్కడేం జరిగినా నా సుత్తి దెబ్బ వల్లే అంటారు. ఆఫీసులో ఫోన్ మోగితే చాలు, లేచి నిలబడేవాణ్ణి. గీతలు వంకర పోయేవి.

ఒక శుక్రవారం మేముండే క్యాంపులో అతనే పరుగెత్తుకొచ్చాడు.

"బిడ్డ పుట్టిందన్నా! తల్లీబిడ్డ మంచిగున్నరు!"

"చూశావా? ఏ దోషం తగిలింది?"

"మాకెట్ల తాకుతది? నువ్వు మీదేస్కున్నవ్ గద!" అంటూ నా చెయ్యి పట్టుకుని వేళ్ళన్నీ తిప్పి చూశాడు. "నీకైతే ఏం గాలేదు కదన్నా?"

ఏమీ కాలేదని ఎంత చెప్పినా నమ్మలేదు. ఆ పైన నన్ను బరువెత్తనివ్వలేదు, టీ కూడా తనే తెచ్చేవాడు. దోషం లేదు, గీషం లేదని నేను గొంతు పెంచిన కొద్దీ, అయ్యో, మొదలైంది అన్నట్టు జాలిగా చూసేవాడు.