లచ్చన్న తగిలించిన హుక్కు

కువైట్ ఖైతాన్‌లో లచ్చన్న ఉండే రూములో ఒక మాట అంటుంటారు: ఈయనకు నేల మీద నడవడం రాదు, ఆకాశంలో అయితే పరుగెత్తుతాడు అని. అది వేళాకోళమూ కాదు, పొగడ్తా కాదు, ఉన్న మాటే. రోడ్డు దాటాలంటే నాలుగుసార్లు అడుగు ముందుకు వేసి నాలుగుసార్లు వెనక్కి తీసుకునే మనిషి, ముప్పై ఎనిమిది అంతస్తుల మేడ మీద పిట్టగోడకు చేరగిలబడి నిమ్మళంగా చాయ్ తాగుతాడు.

పుట్టింది జగిత్యాల పక్కన, కల్లుగీసే గౌండ్లోళ్ల ఇంట్లో. మీసాలు రాకముందే నడుముకు చుట్టే మోకు భుజాన వేసుకుని తాటిచెట్లెక్కాడు. కువైట్ వచ్చిన మొదటి రోజు కంపెనీవాళ్లు "ఎత్తంటే భయమా?" అని అడిగితే పగలబడి నవ్వాడట. అప్పటినుంచి పధ్నాలుగేళ్లు, సిటీలో అద్దాల మేడలకు తాళ్ల మీద వేలాడి అద్దాలు తుడవడమే పని. ఇప్పుడు తాళ్ల దగ్గర పెద్దమనిషి అతనే. పైన నిలబడి తాళ్లు కట్టి, కింద వేలాడేవాళ్ల ప్రాణాలు కాపలా కాస్తాడు.

అతనికొక చాదస్తం ఉంది. పైకప్పు తలుపు లోపలినుంచి గడియ పెట్టుకుంటాడు. ఎవరొచ్చినా రిజిస్టర్‌లో పేరూ పనీ రాయాల్సిందే. ఇక పిట్టగోడకు రెండడుగుల దూరంలోకి వస్తే, మేడ యజమాని కానీ, వాళ్ల నాన్న కానీ, లచ్చన్న ముందుగా వాళ్ల నడుముకు తాడు హుక్కు తగిలించాల్సిందే. "కాదు, కూడదు" అన్నవాళ్లను రెక్క పట్టుకుని వెనక్కి లాగిన రోజులూ ఉన్నాయి. ఎందుకింత మొండితనం అంటే, తన అన్న గంగన్న వల్ల. "మోకు పాతదయింది, రేపు మార్చుకుందాంలే" అని చెట్టెక్కాడు ఒక పొద్దున. కింద కల్లు లొట్టి పట్టుకుని నిలబడ్డది లచ్చన్నే. ఆ రేపు రాలేదు.

సరే, ఆ రోజు సంగతికి వద్దాం.

పొద్దున ఏడున్నర. సముద్రం వైపు గోడకు తన జట్టు మనిషి శ్యాంసుందర్ వేలాడుతూ ఇరవయ్యో అంతస్తు అద్దాలు తుడుస్తున్నాడు. పైన లచ్చన్న ఒక్కడే. అంతలో తలుపు దబదబా బాదారు. గడియ తీసి చూస్తే ఎదురుగా తెల్ల మనిషి. నెత్తిన ఎర్ర హెల్మెట్, ఒంటికి కొత్త బెల్టులు, వీపున బరువైన సంచి, చేతిలో ఫైలు.

లచ్చన్న గబుక్కున హెల్మెట్ సర్దుకున్నాడు. సేఫ్టీ సార్! గల్ఫులో తాళ్ల మీద బతికేవాడికి యముడైనా ఫరవాలేదు కానీ సేఫ్టీ సార్ అంటే హడల్. చెప్పాపెట్టకుండా వస్తాడు, ఒక్క ముడి వదులుగా కనిపించిందా, పని బంద్. అట్లాంటివాణ్ణి "నువ్వెవరు, నీ కాగితమేది" అని అడిగే ధైర్యం ఎవరికుంటుంది? లిఫ్టు దగ్గర గార్డూ అడగలేదు, లచ్చన్నా అడగలేదు. వీపు మీది సంచి చూసి, మనుషుల్ని కాపాడే సామాను కాబోలు అనుకున్నాడు.

"గుడ్ మార్నింగ్ సార్!" అని రిజిస్టర్ అందించాడు. ఆయన నవ్వుతూ ఏదో గీకాడు. లచ్చన్న పక్కన తన సంతకం పెట్టాడు. చదివాడా అంటారేమో! ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు దగ్గరనుంచి జీతం కాగితం దాకా, మనవాళ్లు ఈ దేశంలో చదివి సంతకం పెట్టిన కాగితం ఒక్కటి చూపించండి, నేను ముక్కు నేలకు రాస్తాను.

"గాలి ఎట్లుంటుంది?" అని ఆయన చేతులు తిప్పుతూ అడిగాడు.

అబ్బో! లచ్చన్నకు సరిగ్గా తన పాఠంలోనే ప్రశ్న వచ్చింది. తనకొచ్చిన ఇంగ్లీషూ హిందీ కలిపి దంచేశాడు. కర్రకు కట్టిన పాత తువ్వాల పేలిక చూపించాడు. ఎనిమిదింటి దాకా గాలి పడుకునే ఉంటుందని, తర్వాత మూల తిరిగి కొడుతుందని చెప్పాడు. సముద్రం వైపు మా మనిషున్నాడు, అటు వద్దు. ఇటు పార్కింగు వైపు ఖాళీ, కింద కూడా ఎవరూ ఉండరు అన్నాడు. ఆయన తలూపినకొద్దీ లచ్చన్న ఉబ్బిపోయాడు. పధ్నాలుగేళ్లలో ఇంత శ్రద్ధగా విన్న సార్ ఇంకొకడు లేడు మరి.

ఆయన పార్కింగు వైపు పిట్టగోడ దగ్గరికి నడిచాడు. "ఏ సార్, సార్! రుకో!" అని లచ్చన్న ఉరికి వెళ్లి, నడుముకు హుక్కు తగిలించి, వేలు ఆడిస్తూ మందలించాడు కూడా. సేఫ్టీ సార్ తనను పరీక్షిస్తున్నాడనుకున్నాడు. ఈ దెబ్బతో పాస్ అని లోలోపల పొంగిపోయాడు. ఆయన లచ్చన్న భుజం తట్టాడు. తట్టి, నిదానంగా హుక్కు విప్పి అతని చేతిలోనే పెట్టి, ఒక్క గెంతులో పిట్టగోడ ఎక్కాడు.

"అవ్వో! సార్!"

దూకేశాడు.

లచ్చన్న పైప్రాణాలు పైనే పోయాయి. పిట్టగోడ మీద బోర్లా పడి కిందికి చూశాడు. ఎర్ర హెల్మెట్ గులకరాయిలా పడిపోతోంది. ఒకటి. హుక్కు ఇంకా తన చేతిలోనే ఉంది. రెండు. కళ్లు మూసుకుందామన్నా మూతపడలేదు. మూడు అనేలోపు ఫట్‌మని చప్పుడు! పసుప్పచ్చటి గుడ్డ ఇంత పెద్దగా విచ్చుకుంది. మనిషి దాని కింద ఊయల ఊగుతున్నాడు! ఆ గుడ్డ ఒక వంపు తిరిగి, కార్ల వరస మీదుగా జారి, పార్కింగు మధ్యలో దిగింది. మనిషి నాలుగడుగులు పరుగెత్తి నిలబడ్డాడు. నిలబడ్డాడు!

లచ్చన్న ఏం చేశాడో అతనికే తెలియదు. చప్పట్లు కొట్టాడు, ఎగిరాడు, హెల్మెట్ తీసి గాలిలోకి విసిరాడు, "బతికిండు! బతికిండు!" అని గొంతు చించుకున్నాడు. సముద్రం వైపు వేలాడుతున్న శ్యాంసుందర్ ఆ అరుపులకు బెదిరిపోయి, "ఏందే లచ్చన్నా! ఏమైందే? నన్ను గుంజు ముందు!" అని తాడు ఊపసాగాడు.

గార్డు ఫోన్ చేసినట్టున్నాడు, పోలీసులు పైకొచ్చేసరికి లచ్చన్న శ్యాంసుందర్‌ను పైకి లాగుతున్నాడు. "యల్లా, నడువు" అన్నారు. "తాడు మీద మనిషున్నడు సార్, పది నిమిషాలు" అన్నాడు. చేతిలో లాఠీ ఉన్నవాడికి అట్లా చెప్పడం లచ్చన్న జీవితంలో అదే మొదలు. శ్యాంసుందర్ కాళ్లు కప్పు మీద ఆనాక గానీ అతను తాడు వదల్లేదు.

స్టేషన్లో కూర్చున్నాక తెలిసింది అసలు సంగతి. ఆయన సేఫ్టీ సార్ కాదు, నా తలకాయా కాదు. దేశదేశాలు తిరిగి మేడలమీంచి గుడ్డ కట్టుకుని దూకడమే ఆయన సరదా. లచ్చన్న లెక్క వేసుకున్నాడు. కేసు రాస్తే వేలిముద్రలు తీసుకుంటారు, విమానమెక్కిస్తారు, మళ్లీ ఈ గడ్డ మీద అడుగు పెట్టనివ్వరు. నలభై ఏడేళ్లు వచ్చాయి. ఇక ఎత్తు పని ఎవరిస్తారు? కింద ఏం పని చేస్తాడు, రోడ్డు దాటడం కూడా చేతగాని మనిషి?

స్టేషన్లో చాయ్ ఇచ్చే ఆడమనిషి వెంకటేశ్వరి. రాయచోటి వైపు ఆమె. పద్దెనిమిదేళ్లు ముబారక్ అల్ కబీర్‌లో మామా అని పిలిచే ఒక అరబ్బు యజమానురాలి ఇంట్లో పనిచేసి, వంటతో పాటు అరబ్బీ కూడా ఒంటబట్టించుకుంది. లచ్చన్న హిందీ తడబడుతుంటే ఆఫీసర్ ఆమెనే పిలిచి కూర్చోబెట్టాడు.

"ఏందన్నా అట్ల వణకతాండావు? ఇందా, చాయ్ తాగు. నేనుండాను కదా, నువ్వు చెప్పు, నేను చెప్తా" అంది.

అవతలి బల్ల దగ్గర ఎర్ర హెల్మెట్ మనిషి వాదిస్తున్నాడు. మేడ మీంచి దూకొద్దని ఏ చట్టంలో రాశారో చూపించమంటున్నాడు. ఆఫీసర్ నవ్వుతూ జవాబిచ్చాడు. వెంకటేశ్వరి కొంగు అడ్డం పెట్టుకుని ఆ మాటలు లచ్చన్న చెవిన వేసింది.

"దూకుడు అనే పేరుతో రాసుండకపోవచ్చు, మోసం చేసి పరాయోళ్ల మేడెక్కొద్దని రాసుంది, కింద పొయ్యేటోళ్ల ప్రాణం మీదికి తేవద్దని రాసుంది అంటాండాడు. మేడాయన ఒప్పుకోలు, ఆకాశం చూసుకునే ఆఫీసోళ్ల ఒప్పుకోలు, మాది, మూడూ తెచ్చుకోని దూకు, నా పిల్లోళ్లను తెచ్చి మరీ చూస్తా అంటాండాడన్నా."

ఆ తర్వాత ఆఫీసర్ లచ్చన్న వైపు తిరిగాడు. రిజిస్టర్ తెరిచి వేలు పెట్టాడు. పేరు దగ్గర ఆ తెల్ల మనిషి తన అసలు పేరే రాశాడు. పని అన్న చోట ఇంగ్లీషులో 'దూకడం' అని రాశాడు. పక్కన లచ్చన్న సంతకం, కింద గీత కూడా కొట్టి!

"అడ్డంగా దొరికిపోయినావు కదన్నా!" అంది వెంకటేశ్వరి, ఆఫీసర్ మాట తర్జుమా చేయడం మరిచిపోయి.

"నాకేమెరుక చెల్లె! నాకు చదువొస్తదా? సేఫ్టీ సార్ అనుకున్న, నీ కాళ్లు మొక్కుత. గాలి అడిగిండు, చెప్పిన. గోడ కాడికి వోయిండు, హుక్కు తగిలిచ్చిన. దుంకేటోనికి ఎవడన్న హుక్కు తగిలిస్తడా?"

ఆమె చెప్పింది. ఆఫీసర్ కనుబొమ్మలు ముడిచి, పైకప్పు కెమెరా వీడియో తెప్పించాడు. అందరూ తలలు దగ్గర పెట్టి చూశారు. లచ్చన్న ఉరకడం, హుక్కు తగిలించడం, వేలు ఆడించడం, అవతలివాడు విప్పి చేతిలో పెట్టడం, అన్నీ ఉన్నాయి. అవతలి బల్ల మనిషి కూడా, ఈ ముసలాయనకు ఏమీ తెలియదు, తప్పంతా నాదే అన్నాడు. లచ్చన్న గుండె కాస్త కుదుటపడింది.

కానీ వీడియో ఆగలేదు. తెర మీద లచ్చన్న చప్పట్లు కొడుతున్నాడు. ఎగురుతున్నాడు. హెల్మెట్ విసురుతున్నాడు. పెళ్లి ఊరేగింపులో తాగి ఆడేవాడు కూడా అంత సంబరంగా ఆడడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారే, అట్లా అయింది అతని పని.

ఆఫీసర్ వీడియో ఆపాడు. గొంతు మారింది. వెంకటేశ్వరి మొహం కూడా మారింది.

"ఏమీ తెలీనోడు భయపడతాడు, ఏడుస్తాడు, పోలీసుకు ఫోన్ చేస్తాడు. నువ్వు పండగ జేసుకుంటాండావు, మీరిద్దరూ ఒకటే అంటాండాడు. ఎందుకు ఎగిరినావన్నా? నిజం చెప్పు."

లచ్చన్న తెర వంక చూశాడు. హిందీ మొదలుపెట్టాడు, రాలేదు. చేతిలో చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"మా అన్న తాటిచెట్టు మీదికెల్లి పడ్డడు చెల్లె. నేను కిందనే ఉన్న. ఒకటి అని లెక్కవెట్టేటాళ్లకే అయిపోయింది. ఇగో, ఇయ్యాల గీయన దుంకంగనే నాకు మా అన్ననే కనవడ్డడు. ఒకటి అన్న. రెండు అన్న. మూడు అననీకి నోరు రాలే. అంతట్ల ఆ గుడ్డ ఇచ్చుకున్నది!" లచ్చన్న రెండు చేతులూ బార్లా చాచాడు. కళ్లనిండా నీళ్లు, మొహం నిండా నవ్వు. "పడ్డోడు లేసి నిలవడ్డడు చెల్లె! నా కండ్ల ముంగట పడ్డోడు బతికిండు! ఎగురకుండ ఎట్లుంట? సార్‌కు చెప్పు. జైల్ల వేస్తే వెయ్యమను. మళ్ల సూసినా మళ్ల ఎగురుత!"

వెంకటేశ్వరి కొంగుతో ముక్కు తుడుచుకుని, ఒక్కో మాటా ఆగి ఆగి అరబ్బీలో చెప్పింది. చివర్లో ఆమె కూడా చేతులు చాచి చూపించింది. అవతలి బల్ల దగ్గర వాదన ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ గమనించలేదు. ఎర్ర హెల్మెట్ మనిషి తల వంచుకుని కూర్చున్నాడు.

ఆఫీసర్ వీడియోను వెనక్కి తిప్పి, లచ్చన్న చప్పట్లు కొట్టే ముక్క మళ్లీ ఒకసారి చూశాడు. చూసి రిజిస్టర్ మూసేశాడు.

"ఖలాస్" అన్నాడు. "పని చేసుకో పో."

లచ్చన్న లేచాడు. గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చాడు.

"చెల్లె, రిజిస్టర్ల ఆయన రాసిన మాట జర మళ్ల సూపియ్యమను. ఎట్లుంటదో గుర్తువెట్టుకుంట."

ఆఫీసర్ నవ్వాపుకోలేక పేజీ తెరిచి చూపించాడు. లచ్చన్న వేలితో ఒక్కో అక్షరం మీద రాసుకుంటూ రెండుసార్లు చూశాడు. తర్వాత బల్ల మీద సాక్ష్యంగా పెట్టిన తన హుక్కు అడిగి తీసుకున్నాడు. తెల్లారితే మళ్లీ పని, శ్యాంసుందర్ పార్కింగు వైపు దిగాలి.

పోతూ పోతూ అవతలి బల్ల దగ్గర ఆగాడు. తెల్ల మనిషి తలెత్తాడు. లచ్చన్న హుక్కు అతని మొహం ముందు ఆడించి, "ఇంకోపారి ఇప్పినవంటే సంపుత" అన్నాడు తెలుగులోనే. ఆ మాట వెంకటేశ్వరి ఎవరికీ తర్జుమా చేయలేదు.